మానుకోటలో ముప్పై ఒకటి దగ్గరే ఆగిన కంప్యూటరు

పోయిన వారం షుగరు పరీక్షకని జనగామలో ఒక రక్తపరీక్షల సెంటరుకు వెళ్ళాను. పరగడుపున వచ్చిన వాళ్ళం పదిహేను మందిమి బెంచీల మీద కూర్చొని ఉండగా, కౌంటరులోని అమ్మాయి తలెత్తి "జర ఆగుండ్రి, సిస్టం అప్‌డేట్ అయితుంది" అన్నది. అంతే, ఒకాయన చాయ్ తాగక తల తిరుగుతున్నదని గొణిగాడు, ఇంకొకాయన లేచి గుమ్మం దాకా పోయి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నేను మాత్రం మెడ సాచి, ఆ అమ్మాయి భుజం మీదుగా, తెర మీద మెల్లగా పాకుతున్న నీలం గీతను చూస్తూ ఉండిపోయాను. ఎవరో ఎక్కడో కూర్చొని ఏదో మార్చారు, అది ఇప్పుడు ఇక్కడికి వచ్చి చేరుతున్నది. ఏం మార్చి ఉంటారు, ఎందుకు మార్చి ఉంటారు, ఈ అమ్మాయిని ఒక్క మాటైనా అడిగి ఉంటారా అని నాకు ఒకటే ఆరాటం. ఈ వయసులో ఆ గీతను చూసి ఇంత ముచ్చట పడటమేమిటని మీకు అనిపించవచ్చు. ఒకప్పుడు ఆ పని చేసి జీతం తెచ్చుకున్నదాన్ని, అందుకని.

తెలంగాణ ఉద్యమం ఊరూరా ఊపందుకున్న రోజులవి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ అప్పటికి వరంగల్ జిల్లాలోనివే. ఒక చిన్న ధర్మసంస్థ వాళ్ళు నడిపే కంటి దవాఖానలో నా ఉద్యోగం. ఆపరేషన్లు చేసే పెద్ద దవాఖాన జనగామలో ఉండేది. కళ్ళు పరీక్షించి, శుక్లాలు ముదిరిన వాళ్ళను జనగామకు పంపే చిన్న సెంటర్లు మహబూబాబాద్‌లో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి. మహబూబాబాద్‌ను మా పక్క ఎవ్వరూ అంత పొడుగు పేరుతో పిలవరు, మానుకోట అంటారు. నేనూ ఇక్కడ అట్లాగే రాస్తాను.

మాది రఘునాథపల్లి. మా నాయిన పత్తి, మక్కజొన్న పండించేవాడు. నేను డిగ్రీ మధ్యలో ఆపేసి జనగామలో టైపు నేర్చుకొని, ఆ దవాఖానలో రోగుల రిజిస్టరు రాసే పనికి కుదిరాను. తర్వాత్తర్వాత కంప్యూటర్లు వచ్చినప్పుడు మా మేనేజరు సారు, టైపు వచ్చిన చేతులకు ఇదొక లెక్కా అని నా ముందు ఒక లావుపాటి పుస్తకం పెట్టాడు. ఆ పుస్తకాన్ని నేను ఎట్లా చదివానో ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వు వస్తుంది. సగం అర్థం కాకపోయేది, అర్థమైన సగంతోనే ఏదో ఒకటి చేసి చూసేదాన్ని. అట్లా కింద పడుతూ లేస్తూ రెండేళ్ళలో రోగుల రిజిస్టరును మొత్తం కంప్యూటరులోకి ఎక్కించాను. రోగి పేరు, ఊరు, ఏ కన్ను, ఎంత చూపు, షుగరు ఉన్నదా బీపీ ఉన్నదా, ఆపరేషను ఎప్పుడు, మందులు ఎప్పటిదాకా, అన్నీ అందులోనే.

ఆ రిజిస్టరు ఎట్లా ఉండేదో ఒక్క మాటలో చెబుతాను, విసుగనుకోవద్దు. వివరాలన్నీ దాచే బీరువా ఒకటి, ఆ బీరువాలోకి చూడటానికి ఒక్కో కంప్యూటరులో ఒక్కో కిటికీ. బీరువా ఒక చోట కదలకుండా ఉంటుంది. కిటికీలో మాత్రం చిన్న మార్పు చేసినా, దాని కొత్త నకలును ప్రతి కంప్యూటరులోనూ పెట్టి రావాలి. మూడు ఊళ్ళలో కలిపి మాకు ఏడు కంప్యూటర్లు. ఒకసారి ఫోను నంబరు గడిని కొంచెం వెడల్పు చేసినందుకు, సంచిలో సీడీ పెట్టుకొని, జనగామ నుంచి హన్మకొండకు, హన్మకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లికి, మళ్ళీ వెనక్కి వచ్చి మానుకోటకు మూడు రోజులు బస్సుల్లో తిరిగాను. ఆ మూడో రోజున బస్సు కిటికీకి తల ఆనించి అనుకున్నాను, కొత్తదాన్ని నేను మోసుకుపోవడమెందుకు, అదే వెతుక్కుంటూ రావచ్చు కదా అని.

అట్లా పుట్టింది ఆ చిన్న పరికరం. పొద్దున ఎవరైనా రిజిస్టరు తెరవగానే ముందు అది లేచేది. కిటికీని మార్చిన ప్రతిసారీ నేను దానికి ఒక నంబరు పెంచి వేసేదాన్ని. జనగామలో ఉన్న నంబరునూ తన దగ్గరి నంబరునూ పోల్చి చూసుకొని, అక్కడిది పెద్దదైతే కొత్త కిటికీని తెచ్చి పాతదాని చోట పెట్టి, అప్పుడు రిజిస్టరును తెరిచేది. ఇదంతా జరిగే ఆ అర నిమిషం తెర మీద ఏదో ఒక మాట ఉండాలి కదా. మొదట 'ప్లీజ్ వెయిట్' అని పెట్టాను. తెలుగులో పెట్టమని మేనేజరు సారు అంటే, అక్షరాలు డబ్బాల్లా కాకుండా అక్షరాల్లాగే కనబడేందుకు వారం రోజులు కుస్తీ పట్టి, 'నవీకరణ జరుగుచున్నది, దయచేసి వేచి ఉండండి' అని రాశాను. మర్నాడే భూపాలపల్లి అన్న ఫోను. బొగ్గుగనిలో పనిచేసి, వెన్ను దెబ్బతిని బయటికి వచ్చి, అక్కడి సెంటరులో రిజిస్టరు చూసుకునే పెద్దమనిషి ఆయన. "నవీకరణ అంటే ఎవలమ్మా? ఆమె వచ్చేదాంక నేను ఆగాల్నా?" అని అడిగాడు. ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు.

ఆ పూటే దాన్ని తీసేసి, 'జర ఆగుండ్రి, కొత్తది వచ్చిందేమో చూసొస్త' అని రాశాను. మన మాట సినిమాల్లో నవ్వించేవాళ్ళ నోట్లో తప్ప ఎక్కడా కనబడని రోజుల్లో పెరిగిన వాళ్ళం మనం. బడిలో 'గిట్ల' అంటే బెంచీ ఎక్కించేవారు. అటువంటిది ఒక ఆఫీసు తెర మీద అచ్చు అక్షరాల్లో పెట్టడమంటే మామూలు సంగతా? మేనేజరు సారు వచ్చి చూశాడు. తర్వాత రిజిస్టరు మూసి, ఇంకోసారి తెరిచి చూసుకొని వెళ్ళిపోయాడు. ఆయనకు నచ్చిందని అట్లా తెలిసింది.

ఆ పరికరం ఇంకో పని కూడా చేసేది. ఏ కంప్యూటరులో, ఎన్ని గంటలకు, ఏ నంబరు కిటికీ తెరిచారో ఒక వరుస రాసి నాకు పంపేది. నేను పొద్దున చాయ్ తాగుతూ ఆ వరుసలు చదివేదాన్ని. పనికోసమే పెట్టాను గానీ, కొన్నాళ్ళకు అవి నాకు ఉత్తరాల్లా అయిపోయాయి. భూపాలపల్లి అన్న ఎనిమిదింటికి ముందే తెరిచేవాడు, గనిలో పొద్దుటి షిఫ్టు అలవాటు పోలేదన్నమాట. మహదేవపూర్ దిక్కు గోదావరి ఒడ్డు ఊళ్ళలో క్యాంపు ఉన్న రోజున ఆ వరుస రాకపోయేది. రాకపోతే, ఆయన ఏ ట్రాక్టరు మీదనో పోతున్నాడని ఇక్కడ కూర్చొనే తెలిసేది.

అట్లా చదువుతుండగా ఒకనాడు ఒక వింత కనబడింది. అన్ని కంప్యూటర్లూ ముప్పై ఎనిమిదో నంబరు మీద ఉంటే, మానుకోటలో రెండో కంప్యూటరు మాత్రం ముప్పై ఒకటి అంటున్నది. వెనక్కి తిరగేసి చూస్తే మూడు నెలలుగా అదే తంతు. నెట్టు అందడం లేదేమో అనుకున్నాను. పక్కనున్న మొదటి కంప్యూటరుకు అందుతున్నది కదా. గడియారం తప్పిందేమో, చోటు నిండిందేమో, ఏదైనా తాళం పడిందేమో అని ఫోనులో ఒక్కొక్కటీ అడిగి చూశాను. ఆ కంప్యూటరు మీద కూర్చునే మానుకోట అక్క అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివరికి "అంత మంచిగనే నడుస్తున్నది చెల్లే, నువ్వు పరేషాన్ గాకు" అని, మా పిల్లల చదువు సంగతి అడిగి ఫోను పెట్టేసింది. ఆమెది మరిపెడ దగ్గర ఒక తండా. లంబాడా ఇంటి ఆడపిల్ల ఆ రోజుల్లో ఇంటరు దాకా చదవడమంటే ఎంత మొండితనం కావాలో మనకు తెలుసు.

నేను పరేషాన్ కాలేదు గానీ నిద్రాహారాల మీద ధ్యాస మాత్రం పోయింది. ఎందుకంటే ఆ వరుసల్లో ఇంకా పెద్ద వింత ఉన్నది. నేను కొత్త నంబరు పంపిన రోజు పొద్దున ఆ కంప్యూటరు కూడా బుద్ధిగా కొత్తదే చూపేది, మధ్యాహ్నానికల్లా మళ్ళీ ముప్పై ఒకటి. యంత్రం చెడితే ముందుకు పోకుండా ఆగుతుంది గానీ, ముందుకు పోయి మళ్ళీ వెనక్కి రాదు కదా. అంటే ఎవరో చేత్తో వెనక్కి తెస్తున్నారు. నేను రాసిన పరికరానికి తెలియకుండా, దాని కళ్ళు కప్పి! కోపం వచ్చిందని చెబితే అబద్ధం. ఎట్లా చేస్తున్నారో తెలుసుకోవాలని మాత్రం ప్రాణం కొట్టుకున్నది.

మా ఆయన స్కూలు టీచరు. అప్పుడు సమ్మెలో ఉండి, రోజూ జనగామ చౌరస్తాలో టెంటు కింద కూర్చొని వచ్చేవాడు. ఆయనకు ఈ వింత చెబితే పేపరు మడిచి పక్కన పెట్టి, "వద్దన్నదాన్ని మీద రుద్దితే ఎవ్వలైనా గట్లనే చేస్తరు. మేం టెంటుల కూసున్నది ఎందుకు మరి?" అన్నాడు. నేను ఎవరి మీదా ఏమీ రుద్దలేదని వాదించాను. అన్నీ వాళ్ళ మంచికే చేశానని కూడా అన్నాను. ఆయన నవ్వి మళ్ళీ పేపరు తీశాడు. ఆ నవ్వు నన్ను ఊరుకోనివ్వలేదు. మర్నాడు మానుకోటకు వస్తున్నానని అక్కకు ఫోను చేసి చెప్పి, పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాను.

కేసముద్రం దగ్గర బండి ఆగిపోయింది. రైలు రోకో. పట్టాల మీద చాపలు పరిచి జనం కూర్చొని ఉన్నారు, పక్కనే కంకర మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి పెద్ద గిన్నెల్లో అన్నం వండుతున్నారు. ఆడవాళ్ళు కొందరు బతుకమ్మ లేకుండానే గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు చరుస్తున్నారు. బండిలో ఉన్నవాళ్ళం ఒక్కొక్కరమే దిగాము. ఎవరో ఒకామె నా చేతిలో విస్తరాకు పెట్టి, ఎక్కడికి పోవాల్నో అడగకుండానే పప్పూ తొక్కూ వేసింది. ఆ ఎండలో పట్టా మీద కూర్చొని తిన్న అన్నం రుచి ఇంకా నా నాలుక మీద ఉన్నది. సంచిలో నా పెన్‌డ్రైవు, చెవిలో జై తెలంగాణ అనే కేక, మనసులో మాత్రం ముప్పై ఒకటో నంబరు. రెండు గంటల తర్వాత బండి వదిలారు.

సెంటరుకు చేరేసరికి ఒంటిగంట దాటింది. బంద్ కాబట్టి రోగులు లేరు, అక్క ఒక్కతే ఉన్నది. నన్ను చూసి మంచినీళ్ళు ఇచ్చి, ఎదురుగా కూర్చొని, నేను అడగకముందే చీర కొంగు వేలికి చుట్టుకుంటూ "నేనే చేసిన చెల్లే. సారుకు చెప్తే చెప్పు. ఉద్యోగం పోతే పోతది" అన్నది. సారుకు చెప్పడం సంగతి తర్వాత, ముందు ఎట్లా చేశావో చూపించమన్నాను నేను. ఆమె నన్ను వింతగా చూసింది.

ఎట్లా చేసిందో విని నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. నా పరికరం కొత్తది తెచ్చిన ప్రతిసారీ, దాని నంబరును ఒక చిన్న చీటీలాంటి ఫైలులో రాసుకునేది. రోజూ ఏ ఫైలు తేదీ మారుతున్నదో ఒక్కొక్కటే గమనించి అక్క ఆ చీటీని కనిపెట్టింది. ముప్పై ఒకటో కిటికీని ఇంకో పేరుతో దాచిపెట్టుకొని, కొత్తది వచ్చిన రోజున దాన్ని తీసేసి పాతదాన్ని మళ్ళీ ఆ చోట పెట్టేది. చీటీలో మాత్రం కొత్త నంబరును అట్లాగే ఉంచేది. పరికరం చీటీ చూసుకొని, అంతా కొత్తదే అనుకొని ఊరుకునేది. నాకు వచ్చే వరుస మాత్రం చీటీ నుంచి కాక కిటికీలోంచి నంబరు తీసుకునేది కాబట్టి పట్టుబడింది. పుస్తకం లేకుండా, ఎవరూ నేర్పకుండా, చూసి చూసి కనిపెట్టిందామె.

ఇంత కష్టం ఎందుకు పడ్డావని అడిగితే తెర మీద పాత కిటికీ తెరిచి, అట్టడుగున ఉన్న ఒక పొడుగాటి పెట్టె మీద వేలు పెట్టింది. 'ఇతర వివరాలు' అని దాని పేరు. నాకు గుర్తుకు వచ్చింది. ముప్పై రెండో నంబరులో నేనే దాన్ని తీసేశాను. సంస్థకు సాయం చేసే పెద్దలకు పంపే నివేదికలో ఆ పెట్టెలోని రాతలు ఒక లెక్కకు రావడం లేదని మేనేజరు సారు అంటే, దాన్ని తెర మీద నుంచి తీసి, ఆ చోట నాలుగైదు మాటల్లో ఒకటి ఎంచుకునే పట్టీ పెట్టాను. చూడముచ్చటగా ఉన్నదని మురిసిపోయాను కూడా. దాన్ని ఎవరు వాడుతున్నారని ఒక్కరినైనా అడిగిన గుర్తు లేదు.

అక్క ఆ పెట్టెలో, తెలుగు అక్షరాలతో, తమ ఇంటి లంబాడా మాటలో రాసుకున్నది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె చదివి చెబుతుంటే విన్నాను. ఈ ముసలమ్మ మిరపకాయలు ఏరడానికి ఖమ్మం దిక్కు పోతుంది, ఫలానా నెల దాకా రాదు. ఈయనకు సూదంటే భయం, మనవరాలు పక్కన ఉంటే ఊకుంటాడు. ఈమె భర్త చనిపోయాడు, పేరు అడగవద్దు, ఏడుస్తుంది. ఆ మాటలు వింటుంటే, నేను ఇన్నేళ్ళు బీరువా అనుకున్న దాంట్లో మనుషులు ఉన్నారన్న సంగతి అప్పుడు తెలిసినట్టయింది.

"మా తండాలల్ల ఒక్క పేరుతోని నలుగురు ఉంటరు. గీ పెట్టె లేకుంటే ఎవలు ఎవలో నాకే తెల్వదు, ఇగ జనగామల సిస్టరమ్మకు ఎట్ల తెలుస్తది?" అని, అంతలోనే ఏదో తట్టినట్టు ఆగిపోయింది.

ఆ రోజు పొద్దున్నే, రోడ్లు బంద్ కాకముందే, పదకొండు మందిని వ్యానులో తొర్రూరు మీదుగా జనగామకు పంపింది. మర్నాడు పొద్దున వాళ్ళకు ఆపరేషన్లు. వాళ్ళలో ఇద్దరు ఒకే తండా ఆడవాళ్ళు, ఇద్దరిదీ ఒకే పేరు, భర్తల పేర్లు కూడా ఒకటే, వయసులో రెండేళ్ళే తేడా. ఒకామెకు కుడి కన్ను, షుగరు బాగా ఎక్కువ, మధ్యాహ్నం అన్నానికి ముందు సూది మందు వెయ్యాలి. ఇంకొకామెకు ఎడమ కన్ను, షుగరు లేనే లేదు. ఎప్పుడూ అక్కే వెంట పోయి ఎవరు ఎవరో చెప్పి వచ్చేది. ఆ రోజు పోలేదు. ఎందుకు పోలేదంటే, "నువ్వు వస్తున్నవని ఆగిన" అన్నది.

నేను లేచి జనగామకు ఫోను కలిపాను. అక్కడి రోగులను చూసుకునే సిస్టరమ్మ ఎత్తింది. ఇద్దరివీ కాగితాలు పక్కపక్క మంచాల మీద పెట్టామని, పేరు పిలిస్తే ఇద్దరూ తల ఊపారని, ఏ కన్ను అంటే ఇద్దరూ రెండు కళ్ళూ చూపించారని ఆమె నవ్వుతూ చెప్పింది. సూది మందు వేశారా అని అడిగితే, ఇంకా లేదు, ఇప్పుడే తీసుకుపోతున్నా అన్నది. నేను ఆగు, ఆగు అని అరిచిన అరుపుకు బయట అరుగు మీద కూర్చున్న వాళ్ళు లోపలికి తొంగి చూశారు.

అక్క ఫోను నా చేతిలోంచి తీసుకున్నది. సిస్టరమ్మ తన సెల్‌ఫోను తీసుకుపోయి ఒక మంచం మీది ఆమె చెవికి ఆనించింది. ఇటునుంచి అక్క "యాడి" అని పిలిచింది, అంటే అమ్మా అని. అది ఒక్కటే నాకు తెలిసిన మాట. ఆ తర్వాత ఇద్దరూ గడగడా ఏదేదో మాట్లాడుకున్నారు. నేను అక్క ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. ఆ రెండు నిమిషాలు నాకు ఒక ఏడాది అనిపించింది. అక్క ఫోను చేత్తో మూసి నా వంక తిరిగి, "షుగరు కాయితం ఉన్న మంచం మీద షుగరు లేనామె పండుకున్నది. ఫ్యాను గాలి తగుల్తలేదని పొద్దుగాలనే మంచాలు మార్చుకున్నరట" అని చెప్పి, ఏడుస్తూ నవ్వింది. కన్ను సంగతి మర్నాడు పొద్దున డాక్టరు గారు మళ్ళీ చూసేవారే, అక్కడ పట్టుబడేదేమో. సూది మందు మాత్రం అంతవరకు ఆగేది కాదు, షుగరు లేనామెకు అది పడితే ప్రాణం మీదికే వచ్చేది.

కాగితాలు సరిచేశామని సిస్టరమ్మ మళ్ళీ ఫోను చేసి చెప్పింది. తర్వాత నేను అక్క పక్కన కుర్చీ వేసుకొని, ఆమె కంప్యూటరులోనే పనికి కూర్చున్నాను. ఆ పెట్టెను మళ్ళీ పెట్టడానికి గంట కూడా పట్టలేదు. తెర మీద నుంచి తీశానే గానీ బీరువాలోంచి తీయలేదు కాబట్టి, రాసిన మాటలన్నీ భద్రంగా ఉన్నాయి. ఈసారి మాత్రం ప్రతి గీతా అడిగి గీశాను. పెట్టె కింద ఉండొద్దు, పేరు పక్కనే ఉండాలన్నది అక్క. ఏ కన్నో ఎర్రటి అక్షరాల్లో ఉండాలన్నది. తన మాట ఒక గడిలో, దాని తెలుగు ఇంకో గడిలో ఉంటే సిస్టరమ్మకు కూడా పనికొస్తుందన్నది. అంత తెలివైన సలహా నాకు ఆ లావుపాటి పుస్తకంలో దొరకలేదు. అది ముప్పై తొమ్మిదో నంబరు. కిటికీ చువ్వకు తీగతో కట్టిన డేటా కార్డు ద్వారా పంపితే, బంద్ వల్ల ఊళ్ళో నెట్టు వాడేవాళ్ళు లేరేమో, ఎన్నడూ లేనంత తొందరగా పోయింది. అరగంటకే భూపాలపల్లి అన్న ఫోను, తన పెట్టె తనకు వచ్చిందని. అది పోయిన నాటి నుంచి ఆయన అవే వివరాలు అట్టముక్కల మీద రాసి దారానికి గుచ్చుకుంటున్నాడట. నాకు ఎందుకు చెప్పలేదంటే, పైనుంచి వచ్చినదాన్ని కాదని ఎట్లా అంటాం అమ్మా అన్నాడు. నేను పైన ఎక్కడున్నాను? జనగామలో, రేకుల షెడ్డు కింద ఉన్నాను.

జనగామకు తిరిగి వచ్చాక మేనేజరు సారుకు అంతా నేనే చెప్పాను, అక్క దాచిన సంగతితో సహా. మొదట ఆయనకు కోపం వచ్చింది, ఒకరు మార్చినట్టు అందరూ మారిస్తే రిజిస్టరు ఏం కావాలన్నాడు. తర్వాత ఆ ఇద్దరు ఆడవాళ్ళ మంచాల దగ్గరికి పోయి, కళ్ళకు పట్టీలతో కూర్చొని ఏదో చెప్పుకొని నవ్వుకుంటున్న వాళ్ళను చూసి వచ్చి, పెట్టె ఉండనివ్వు అన్నాడు. అక్క ఉద్యోగానికి ఏమీ కాలేదు.

ఆ తర్వాత పరికరంలో ఒక మీట పెట్టాను. కొత్తది వస్తే ఏం మారిందో ముందు చెప్పి, 'తెమ్మంటరా, ఇప్పుడొద్దా' అని అడిగేది. వద్దంటే ఎందుకో రాయడానికి చిన్న చోటు. నా పొద్దుటి వరుసలు అప్పటి నుంచి నిజంగానే ఉత్తరాలైపోయాయి. 'మహదేవపూర్ పోతున్న, వచ్చినంక చూస్త' అని అన్న. 'రంగు కండ్లకు గుచ్చుతుంది, మార్చు' అని సిస్టరమ్మ. అక్క మొదట తన మాటలో రాసి, కింద నాకోసం తెలుగులో రాసేది. అట్లా ఒక ఏడాదిలో నాకు ఆ మాట కొంచెం కొంచెం పట్టుబడింది.

రాష్ట్రం వచ్చిన నాడు, కాగితాల మీద రాష్ట్రం పేరు మార్చి కొత్త నంబరు పంపాను. అన్ని నంబర్లలోకీ చిన్న పని అదే, ఒకే ఒక్క మాట. ఏడు కంప్యూటర్లూ ఎగబడి తెచ్చుకుంటాయనుకున్నాను. భూపాలపల్లి అన్న మూడుసార్లు మూసి తెరిచానని ఫోను చేసి చెప్పాడు. మానుకోట రెండో కంప్యూటరు నుంచి మాత్రం 'ఇప్పుడొద్దు' అని వచ్చింది. కింద కారణం: 'పొద్దున వచ్చి తాళం తీసి చూసిన, ఎవ్వలు లేరు, తండాకు పోతున్న, అందరం ఆడుతున్నం, రేపు'. దాన్ని మా ఆయనకు చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు నవ్వాము.

కొన్నాళ్ళకు ఆ మూడు ఊళ్ళూ మూడు జిల్లాలయ్యాయి. సంస్థ పెద్దదైంది, పట్నం నుంచి ఒక పెద్ద సాఫ్ట్‌వేరు కొన్నారు, నా రిజిస్టరూ దానికి కొత్త కిటికీలు తెచ్చే పరికరమూ రెండూ అక్కరలేకుండా పోయాయి. అది న్యాయమే, మూడు ఊళ్ళకు సరిపోయినది ముప్పై ఊళ్ళకు సరిపోదు. భూపాలపల్లి అన్న ఇప్పుడు లేడు. అక్క తండాలోనే ఉంటున్నది, పండుగకో పబ్బానికో ఫోను చేస్తుంది. పోయిన ఎండాకాలం నేను ఏ పనీ లేకుండానే మరిపెడకు పోయి వచ్చాను. రోడ్డు అద్దంలా ఉన్నది, మధ్యాహ్నం అన్నం వేళకు అక్కడుండి పొద్దుగూకకముందే ఇంటికి వచ్చేశాను. అప్పట్లో ఆ దూరం ఒక రోజంతా తినేసేది, అందుకే ఎవరింటికి పోయినా నిద్ర చేసి పొమ్మనేవారు. ఈసారి అక్క ఆ మాట అననే లేదు, నేనూ ఎదురుచూడలేదు. కొత్త సెంటర్లలో కూర్చున్న పిల్లలు చురుకైన వాళ్ళు, యంత్రాలూ మంచివే. అయితే పేరు ఒకటే అయినా ఫలానా ముసలమ్మ వేరు, ఫలానా ముసలమ్మ వేరు అని ముఖం చూసి చెప్పగలిగిన వాళ్ళు ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. ఇప్పుడు అట్లాంటి ఇద్దరు ఏ దవాఖానలోనైనా పక్కపక్క మంచాల మీద పడుకొని ఉంటే, వాళ్ళతో వాళ్ళ మాటలో మాట్లాడేందుకు ఎవరున్నారో, ఉన్నారో లేదో, నాకు తెలియదు.